చాయ్‌తో పాటు సిగరెట్: మానాలనుకునేవాళ్లు వరసగా ఏం చేయాలి?

హైదరాబాద్‌లో మెడికల్ షాపులో కూర్చుంటాను కాబట్టి ఈ ప్రశ్న నన్ను అడగని వారం ఉండదు. "అన్నా, సిగరెట్ మానాలి, ఏదైనా గోలీ ఉందా?" అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే బీపీ మాత్రల కోసమో షుగర్ మాత్రల కోసమో వచ్చినవాళ్లు. డాక్టర్ చీటీ తీయడానికి చొక్కా జేబులో చెయ్యి పెడితే దాంతో పాటు లూజ్ సిగరెట్ కూడా బయటికొస్తుంది. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే విషయం కాదిది, అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

ముందు తెలుసుకోవాల్సింది కొంచెమే. అలవాటు పట్టించేది నికోటిన్. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం ఎక్కువగా పొగ, అంటే అందులోని తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా వేల రసాయనాలు. అవి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి, రక్తం తొందరగా గడ్డకట్టేలా చేస్తాయి. దానికి బీపీ, షుగర్, పొట్ట, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం తోడైతే ఒక్కో ముప్పు రెండోదాన్ని పెంచుకుంటూ పోతుంది. పొగ తాగేవాళ్లకు షుగర్ వచ్చే అవకాశం తాగనివాళ్ల కంటే 30 నుంచి 40 శాతం ఎక్కువ, టీబీ ముప్పు కూడా ఎక్కువే. చిన్న వయసులో వచ్చే గుండెపోట్లు, పక్షవాతాల్లో 80 శాతం దాకా నివారించగలిగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మన చేతిలో ఉన్నది చాలానే.

ఇంకొకటి. "తగ్గించేశాను అన్నా, రోజుకి ఒకటే" అని చాలామంది సంతోషంగా చెప్తారు. ఊపిరితిత్తుల సంగతి ఎలా ఉన్నా, గుండె విషయంలో ఆ లెక్క కుదరదు. రోజుకి 20 తాగేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగేవాడికి అందులో దాదాపు సగం పెరుగుతుంది. కాబట్టి తగ్గించడాన్ని ఒక మెట్టుగా పెట్టుకోండి, అక్కడే ఆగిపోవద్దు.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

- చిన్న నోట్‌బుక్, లేకపోతే ఫోన్‌లో నోట్స్
- సోంపు, లవంగాలు, యాలకులు, నీళ్ల బాటిల్
- 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్. దీనికి చీటీ అక్కర్లేదు. 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి
- నడుం కొలిచే టేపు. బీపీ, షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ రిపోర్టులు. ఇవి లేకపోతే దగ్గర్లోని బస్తీ దవాఖానాకు, అంటే ప్రభుత్వం నడిపే చిన్న క్లినిక్‌కి వెళ్లి అడగండి, అక్కడ డబ్బులు తీసుకోరు
- పొగాకు మానేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబర్: 1800-11-2356. సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది, కానీ మన దగ్గర లూజ్ కొనేవాళ్లే ఎక్కువ కాబట్టి చాలామంది ఆ నంబర్ చూసే ఉండరు
- ఇంట్లో ఒకరు, ఆఫీసులో ఒకరు, మీరు మానుతున్నట్టు తెలిసినవాళ్లు

జాగ్రత్త: ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు, 18 ఏళ్ల లోపువాళ్లు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా గమ్ మొదలుపెట్టొద్దు. కట్టుడు పళ్లున్నా, దవడ నొప్పి ఉన్నా గమ్ నమలడం కష్టం, వాళ్లకి చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ లాంటివి ఉన్నాయి.

1. వారం రోజులు రాయండి, ఇంకేమీ మార్చొద్దు

వెలిగించిన ప్రతిసారీ టైమ్, చోటు, పక్కన ఎవరున్నారు, అంతకు ముందు ఏం చేశారు, ఈ నాలుగూ రాయండి. తగ్గించాలని చూడొద్దు. ఈ వారం పని రాయడం వరకే. పొద్దున బాత్రూమ్‌కి వెళ్లే ముందు ఒకటి, ఆఫీసు కింద చాయ్‌తో ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, ఫోన్ మాట్లాడుతూ ఒకటి, రాత్రి దోస్తులతో ఎన్నో తెలియదు: చాలామంది నోట్‌బుక్ దాదాపు ఇలాగే ఉంటుంది. వీటిలో ఏది నిజంగా ఒళ్లు అడిగింది, ఏది చెయ్యి ఖాళీగా ఉండి తాగింది అని పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగిస్తున్నారా? అయితే అలవాటు గట్టిగానే పట్టుకుందని అర్థం. అలాంటివాళ్లకు ఉత్త పట్టుదల సరిపోదు, గమ్మో మందో తోడు కావాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

2. తేదీ పెట్టుకోండి

రెండు వారాల లోపే పెట్టుకోండి, అంతకంటే దూరం పెడితే అది వాయిదానే. బోనాలు, దసరా, ఇంట్లో పెళ్లి, ప్రాజెక్ట్ డెడ్‌లైన్ ఉన్న వారాన్ని వదిలేయండి. రంజాన్‌లో రోజా ఉండేవాళ్లకు మాత్రం అంతకంటే మంచి సమయం లేదు. సహరీ నుంచి ఇఫ్తార్ దాకా పగలంతా ఎలాగూ ముట్టుకోరు, ఇక మిగిలింది రాత్రి కొన్ని గంటలే. ఇఫ్తార్ అవ్వగానే వెలిగించే ఆ మొదటిదాని చోట గమ్ పెట్టుకుంటే చాలావరకు దారి పడుతుంది.

3. ముందు రోజు రాత్రి మొత్తం ఖాళీ చేయండి

లైటర్, అగ్గిపెట్టె, యాష్‌ట్రే, బండి డిక్కీలో దాచింది, ఆఫీస్ డ్రాయర్‌లోది, అన్నీ పారేయండి. "అవసరానికి ఒకటి ఉండనీ" అనుకుని దాచిన ఆ ఒక్కటే మూడో రోజు బయటికొస్తుంది. జాకెట్, హెల్మెట్ లోపలి గుడ్డ ఉతికేయండి, వాటిలో వాసన ఉండిపోతుంది.

ఇంట్లో పెట్టె లేకపోయినా మన ఊళ్లో అసలు పెట్టె పాన్ డబ్బానే. పైనుంచి దారానికి వేలాడే లైటర్ ఉంటుంది చూడండి, అక్కడికి వెళ్తే అగ్గిపెట్టె కూడా కొనక్కర్లేదు. అక్కడ ఖాతా ఉంటే బాకీ కట్టి మూసేయండి. "భాయ్, నేను అడిగినా ఇవ్వకు" అని ఒక మాట చెప్పండి, చాలామంది నిజంగానే ఇవ్వరు. ఒక నెల పాటు ఆ సందులోంచి కాకుండా వేరే దారిలో ఇంటికి వెళ్లండి.

4. చాయ్ సంగతి తేల్చండి

ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే, కానీ దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. సిగరెట్ పొగ వల్ల లివర్ కెఫీన్‌ని మామూలు కంటే వేగంగా బయటికి పంపేస్తుంది. పొగ ఆగిన కొద్ది రోజుల్లో ఆ వేగం తగ్గిపోతుంది. మీరు తాగే చాయ్ అంతే, కాఫీ అంతే, కానీ ఒంట్లో నిలిచే కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. అప్పుడు గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. "సిగరెట్ మానితే టెన్షన్ ఎక్కువైంది" అని మళ్లీ వెలిగిస్తారు. అందులో సగం టెన్షన్ చాయ్‌దే.

కాబట్టి మానే రోజు నుంచే చాయ్, కాఫీ సగానికి తగ్గించండి. ఆరు కప్పులైతే మూడు. లేదంటే ప్రతిసారీ వన్ బై టూ చెప్పండి. సాయంత్రం ఆరు దాటాక వద్దు.

రెండోది, చాయ్‌నీ పొగనీ విడదీయడం. రోడ్డు పక్కన నిలబడి తాగడం ఆపండి. ఇరానీ హోటల్‌కే వెళ్లాలనుంటే లోపల కుర్చీలో కూర్చోండి, ఒక ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి, ఖాళీ చెయ్యికి ఒక పని దొరుకుతుంది. బహిరంగ ప్రదేశాల్లో పొగ 2008 అక్టోబర్ 2 నుంచి నిషేధం కాబట్టి లోపల మామూలుగా ఎవరూ వెలిగించరు. మొదటి రెండు వారాలు చాయ్ పూర్తిగా ఇంట్లోనే తాగగలిగితే ఇంకా మంచిది.

జాగ్రత్త: లివర్‌లో జరిగే ఈ మార్పు కొన్ని మందులకూ వర్తిస్తుంది. ఆయాసానికి వాడే థియోఫిలిన్, మానసిక సమస్యలకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ మీరు వాడుతుంటే, పొగ మానుతున్నట్టు డాక్టర్‌కి ముందే చెప్పండి, డోసు తగ్గించాల్సి రావచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు షుగర్ ఇంకాస్త తరచుగా చూసుకోండి.

5. గమ్ సరిగ్గా వాడండి

"గమ్ వాడాను అన్నా, పనిచేయలేదు, ఎక్కిళ్లొచ్చాయి" అని చెప్పేవాళ్లను ఎలా నమిలావని అడుగుతాను. అందరూ మామూలు చూయింగ్ గమ్ నమిలినట్టే నమిలి ఉంటారు. అలా నమిలితే నికోటిన్ ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం తప్ప ఏమీ దక్కదు. అది లోపలికి ఎక్కాల్సింది బుగ్గ లోపలి చర్మం గుండా.

ఇలా చేయండి. మెల్లగా పది పదిహేను సార్లు నమలండి. మిరియం లాంటి ఘాటు, నాలుక మీద చిరుచిర తెలియగానే ఆపి బుగ్గన పెట్టుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో ఘాటు పోతుంది, అప్పుడు మళ్లీ నాలుగుసార్లు నమిలి రెండో బుగ్గన పెట్టుకోండి. అరగంట ఇలాగే, తర్వాత ఉమ్మేయండి. గమ్‌కి పావుగంట ముందు, నోట్లో ఉన్నంతసేపు చాయ్, కాఫీ, నిమ్మరసం, కూల్ డ్రింక్ ఏదీ వద్దు. పులుపు, కాఫీ లాంటివి నోట్లో ఉంటే నికోటిన్ సరిగ్గా ఎక్కదు.

మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, కోరిక పుట్టేదాకా ఆగకుండా టైమ్‌కి వేసుకోండి. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకి ఒకటి. ఆ తర్వాత మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకి ఒకటి. రోజుకి 24 దాటొద్దు. జనం చేసే పొరపాటు ఎక్కువ వాడడం కాదు, తక్కువ వాడి, రెండు వారాలకే ఆపేయడం. నిద్ర లేచిన అరగంటలోపు వెలిగించేవాళ్లకు 2 మిల్లీగ్రాములు చాలకపోవచ్చు, 4 కోసం డాక్టర్‌ని కలవండి.

గమ్ పడనివాళ్లకు వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలున్నాయి. రెండూ డాక్టర్ రాస్తేనే. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే బుప్రోపియాన్ వాడకూడదు, ఆ విషయం డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

6. కోరిక పుట్టిన ఆ అయిదు నిమిషాలు

కోరిక కెరటంలా వస్తుంది, తాగినా తాగకపోయినా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఆ కాసేపు ఏం చేస్తారో ముందే రాసి పెట్టుకోండి. ఒక గ్లాసు నీళ్లు మెల్లగా తాగడం, లవంగం నోట్లో వేసుకోవడం, ఉన్న చోటు నుంచి లేచి పోవడం, ఒకరికి ఫోన్ చేయడం. సిగ్నల్ దగ్గర వస్తే హెల్మెట్ తీయొద్దు. లవంగం బదులు వక్కపొడి మాత్రం వద్దు, దాని సంగతి కింద చెప్తాను.

7. మొదటి మూడు రోజులు, ఆ తర్వాత

రెండో రోజు, మూడో రోజు అన్నిటికంటే గట్టివి. చిరాకు, తలనొప్పి, ఆకలి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం సహజం. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి: "ఈ వారం కసురుకుంటే మనసులో పెట్టుకోకండి." మలబద్ధకం వస్తుంది, నీళ్లు, జామకాయ, ఆకుకూర పెంచండి. కొందరికి నోట్లో చిన్న పుండ్లొస్తాయి. దగ్గు కొన్నాళ్లు పెరగొచ్చు కూడా, అది చూసి "మానాకే జబ్బు చేసింది" అనుకోవద్దు, ఊపిరితిత్తులు కఫాన్ని బయటికి నెట్టే పని మళ్లీ మొదలుపెడతాయి.

మందు అలవాటున్నవాళ్లు మొదటి నెల బార్‌కీ దావత్‌కీ దూరంగా ఉండండి. రెండు పెగ్గుల తర్వాత నోట్‌బుక్‌లో రాసుకున్నది ఏదీ గుర్తుండదు.

ఒకటి తాగేశారా? అది ఒకటే. గమ్ ఆపొద్దు, తేదీ మార్చొద్దు, ఎక్కడ ఎవరితో తాగారో రాసుకుని ముందుకు పోండి. "ఎలాగూ చెడిపోయింది" అని పెట్టె కొనడమే అసలు నష్టం.

8. మిగతావి ఒక నెల ఆగి

సిగరెట్, బిర్యానీ, స్వీట్లు, రాత్రి మేల్కోవడం అన్నీ ఒకే సోమవారం మానేద్దామని దిగేవాళ్లు ఎక్కువ రోజులు నిలవడం నేను పెద్దగా చూడలేదు. ముందు పొగ. నడక మాత్రం మొదటి రోజు నుంచే పెట్టుకోండి, అది కోరికను కూడా తగ్గిస్తుంది. ఇందిరా పార్క్, కేబీఆర్ పార్క్, ఉస్మానియా క్యాంపస్, ఏదీ దగ్గర్లో లేకపోతే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా, వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత ఆయాసంతో.

నెల దాటాక ఉప్పు పట్టుకోండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే హద్దు రోజుకి 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీస్పూన్, అందులో ఆవకాయ, అప్పడం, మిర్చీ బజ్జీ, ప్యాకెట్ చిప్స్ ఉప్పు కూడా లెక్కే. తర్వాత అర్ధరాత్రి బిర్యానీ. మానిన మొదటి ఏడాది సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. దానికి భయపడి పొగకి తిరిగి వెళ్లొద్దు, ఆ కిలోల కంటే పొగ చేసే చెరుపు చాలా ఎక్కువ.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

"లైట్" సిగరెట్‌కి మారడం: పీల్చే దమ్ము లోతు పెరుగుతుంది, ముప్పు తగ్గదు. బీడీ ఆకుతో చేసింది కదా అనుకోవడం: లోపలిది పొగాకే. హుక్కా: గంటసేపు కూర్చుంటే ఒక సిగరెట్ కంటే వంద నుంచి రెండొందల రెట్ల పొగ లోపలికి పోవచ్చు, పైగా హుక్కా పార్లర్లను తెలంగాణలో 2024లో నిషేధించారు. వేప్: దేశమంతా 2019 నుంచి నిషేధం, దొంగచాటుగా దొరికేదాంట్లో ఏముందో ఎవరికీ తెలియదు.

గుట్కా, జర్దా, ఖైనీకి మారడం అన్నిటికంటే చెడ్డ బేరం. పొగాకు లేని పాన్ మసాలా అయినా అందులోని వక్క ఒక్కటే నోటి క్యాన్సర్‌కి చాలు. వీటి అలవాటున్నవాళ్లు అద్దం ముందు నిలబడి నోరు పూర్తిగా తెరిచి, చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లను మూడింటినీ కలిపి నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే, లేదా కూర కారం తగలగానే నోరు భగ్గుమంటుంటే, ఈ వారమే పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పనిచేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి

ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. కొద్ది రోజుల్లో పోపు వాసన గట్టిగా తెలుస్తుంది. మీరు రోజూ ఎక్కే మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలేసి ప్రతి ఆదివారం అవే మెట్లు ఎక్కండి, పైకి చేరాక ఎన్నిసార్లు ఆగారో రాయండి. రెండు మూడు నెలల్లో తేడా కనపడాలి. పొద్దుటి దగ్గు, కఫం ఒకటి నుంచి తొమ్మిది నెలల్లో తగ్గుతాయి. ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడుతుంది, పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగేవాళ్లతో పోలిస్తే దాదాపు సగమవుతుంది.

మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ: 5.7 నుంచి 6.4 అయితే షుగర్ గడప మీదున్నట్టు, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే డాక్టర్ చూడాలి. బీపీ కొలిచే ముందు అయిదు నిమిషాలు కూర్చోండి, అరగంట ముందు నుంచి చాయ్ వద్దు. 140/90 రెండు మూడుసార్లు దాటితే ఆగకుండా డాక్టర్‌ని కలవండి. నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 లోపు ఉండాలి, బొడ్డు దగ్గర కొలవండి, ప్యాంటు సైజు చూసి చెప్పొద్దు. నలభై దాటి, ఏళ్ల తరబడి తాగి, ఆయాసం ఉంటే స్పైరోమెట్రీ, అంటే ఊది చూసే ఊపిరితిత్తుల పరీక్ష అడగండి, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి చోట్ల ఊపిరితిత్తుల డాక్టర్లుంటారు.

వీటికి మాత్రం ఆగొద్దు

రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కఫంలో రక్తం, మూడు వారాలైనా మానని నోటి పుండు, చెరిపినా పోని తెల్ల మచ్చ, బొంగురుపోయి తిరిగి రాని గొంతు, ఇవి కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చూపించండి. క్యాన్సర్ అనుమానం అంటే రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యో దవడో లాగుతుంటే "గ్యాస్ అయ్యుంటుంది, ఒక గోలీ ఇవ్వు అన్నా" అని మా లాంటి షాపుల ముందు నిలబడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ నొప్పికి మెడికల్ షాపుకి రాకండి, బండి కూడా మీరు నడపొద్దు, 108కి ఫోన్ చేయండి.